ప్రతిపాదించినవారు మాట్లాడరాదు

మార్చి మొదటి మంగళవారం పొద్దున్న ఏడింటికల్లా హోలిస్ విట్‌కమ్ అమెరికా ఆర్థిక వ్యవస్థను రెండుసార్లు ముంచి, ఒకసారి తేల్చాడు. టోస్టర్లో రొట్టె ఇంకా పైకి రానేలేదు.

"చూశావా," అన్నాడు చెంచా రేడియో వైపు తిప్పి. "ఒకడు అప్పు చేసి పంచిపెడతాడు. ఇంకొకడు అప్పు చేసి పన్ను తగ్గిస్తాడు. అప్పు మాత్రం ఇద్దరికీ పుట్టిన బిడ్డ. ఎవడూ చంకనెత్తుకోడు."

"బాగుంది. రాసుకో," అంది ఆర్డిస్.

"రాసేశానుగా. పోయినవారం కాలమ్ చదవలేదా?"

"చదివాను. అందులో బిడ్డ లేదు, దూడ ఉంది."

"రైతులు చదివే పత్రిక. దూడే దగ్గరగా ఉంటుంది."

ఆర్డిస్ కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుని పెదవుల దాకా తెచ్చుకుంది. కప్పులో కాఫీ సగమే ఉంది. హోలిస్ కన్ను దాని మీద పడింది. దేశమంతా తిరిగొచ్చే కన్ను అది, అప్పుడప్పుడు ఇంట్లో కూడా పడుతుంది.

"ఏమిటీమధ్య సగం కప్పే పోసుకుంటున్నావు? ద్రవ్యోల్బణమా?"

"పొదుపు," అంది ఆర్డిస్.

"అదీ మాట. వాషింగ్టన్‌లో నీలాంటిది ఒక్కతి లేదు."

హోలిస్ ఇరవై రెండేళ్ళుగా కౌంటీ వారపత్రికలో 'నిక్కచ్చిగా' అనే కాలమ్ రాస్తున్నాడు. గురువారం గురువారం వస్తుంది. అందులో అతను మెచ్చుకున్న అధ్యక్షుడు లేడు, క్షమించిన సెనేటర్ లేడు. అతని దృష్టిలో అమెరికా రెండు రకాల మనుషుల దేశం. పనిచేసేవాళ్ళు ఒక రకం, ఇంకొకరి చేత తినిపించుకునేవాళ్ళు రెండో రకం. తను మొదటి రకం. ముప్పై ఒక్క ఏళ్ళు పనిముట్ల ఫ్యాక్టరీలో చేశాడు. ఆ ఫ్యాక్టరీ సైన్యం ఇచ్చే ఆర్డర్ల మీదే బతికిందన్న సంగతి ఏ కాలమ్‌లోనూ రాలేదు. అయిదేళ్ళ కిందట ప్రభుత్వ వైద్యబీమా అతనికి కొత్త తుంటి పెట్టించింది. అది సహాయం కాదు, "నేను కట్టిందే నాకు తిరిగొచ్చింది." పక్కింటివాళ్ళకి వచ్చినప్పుడు మాత్రం దాన్ని మేత అంటాడు.

ఇక ఆర్డిస్ చదువుకున్నది ఆర్థికశాస్త్రం. డెబ్బైల్లో, స్టేట్ యూనివర్సిటీలో, ముప్పై ఎనిమిది మంది క్లాసులో ముగ్గురు ఆడపిల్లల్లో ఒకతె. ఇల్లాలి చాకిరీ జాతీయ ఆదాయం లెక్కలోకి రాదని అక్కడ మొదటి ఏడాదే చెప్పారు. చెప్పినప్పుడు ఆమె నోట్సులో రాసుకుంది. పెళ్ళయ్యాక మళ్ళీ రాసుకోవలసిన అవసరం రాలేదు.

హోలిస్ కాగితం మీద గిలికితే టైపు చేసేది ఆమే. చేస్తూ చేస్తూ వారానికో వాక్యం తనది దూర్చేది. దిగుమతి సుంకాన్ని విదేశీయుడే కడతాడని అతను ఒకసారి ఢంకా బజాయించి రాస్తే, దాని కింద ఆమె ఇంకో వాక్యం చేర్చింది: 'ఆ విదేశీయుణ్ణి చూడాలంటే మన ఇనుపసామాన్ల కొట్టుకు వెళ్ళండి. గల్లాపెట్టె దగ్గర మీ టోపీ పెట్టుకుని, మీ పర్సు తీసి నిలబడి ఉంటాడు.' ఆ వారం తొమ్మిది ఉత్తరాలొచ్చాయి. తొమ్మిదీ ఆ వాక్యం గురించే. హోలిస్ వాటిని చదివి, "కొన్నిసార్లు కలం దానంతటదే నడుస్తుంది," అన్నాడు. ఆర్డిస్ పక్కనే బఠాణీలు ఒలుస్తోంది. నడిచిన కలం తల ఎత్తలేదు.

రెండేళ్ళ కిందట ఆమె టైపు చేయడం మానేసింది. "ఇక నువ్వే కొట్టుకో," అంది, అంతే. హోలిస్ రెండు వేళ్ళతో కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఉత్తరాలు ఆగిపోయాయి. కొత్త ఎడిటర్ కుర్రకుంక అనీ, వాడికి రాజకీయం తెలియదనీ తేల్చాడు.

అసలు సంగతి చేతుల్లో ఉంది. మొదట సూది పట్టుకుంటే వణికేవి. తర్వాత పెన్ను. ప్రాణానికి భయం లేదు, వయసుతో కొందరికి వచ్చే వణుకేనని డాక్టరు చెప్పాడు. ఆ ఏడాది నవంబరులో పొయ్యి మీంచి బీన్స్ కుండ దించబోతే చేతులు మాట వినలేదు. కుండ అంచు విరిగింది, పాదం కాలింది. ఆ రోజు నుంచి ఆమె పొయ్యి మీద ఏమీ వండలేదు.

మరి విట్‌కమ్ ఇంట్లో మధ్యాహ్నం పన్నెండు గంటలకు బల్ల మీదికి వేడివేడి భోజనం ఎలా వస్తోంది? వ్యాన్ మీద వస్తోంది. చర్చి నేలమాళిగలో వాళ్ళ కూతురు డెలియా నడిపే వంటిల్లు ఉంది. అరవై దాటినవాళ్ళకి రోజూ భోజనం వండి ఇళ్ళకి పంపుతుంది. తోచినంత డబ్బు కవరులో వేయవచ్చు, మిగతా ఖర్చు వాషింగ్టన్‌ది. పదిన్నర నుంచి పన్నెండు దాకా హోలిస్ దాణా కొట్లో పొయ్యి పక్కన కూర్చుని దేశాన్ని చక్కదిద్దుతుంటాడు. పదకొండున్నరకి వెనక గుమ్మం దగ్గర వ్యాన్ ఆగుతుంది. ఆర్డిస్ రేకు డబ్బాలోది తన నీలంచు పళ్ళెంలోకి దొర్లించి, ఓవెన్లో పెడుతుంది. హోలిస్ వచ్చి తింటాడు. వారానికి రెండుసార్లయినా అంటాడు: "ఆ వ్యాన్ భోజనాలు తినే దరిద్రులకి ఇల్లాలి చేతి వంటంటే ఏమిటో ఏం తెలుసు."

రెండేళ్ళుగా ఆర్డిస్‌కి ఉన్న వినోదం అదొక్కటే. దుఃఖమూ అదే.

ఏడున్నరకి డెలియా వెనక గుమ్మం నుంచి వచ్చింది. బూట్లకి బురద, చేతిలో అంచు విరిగిన గోధుమరంగు కుండ. అందులో బీన్స్ ఆమె వంటింట్లోనే ఉడికాయి. కానీ ఆ రోజు జరిగే ఊరి సభలో మధ్యాహ్నం తలా ఒక వంటకం తేవాలి. విట్‌కమ్ ఇంటి బీన్స్ విట్‌కమ్ ఇంటి కుండలోనే వెళ్ళాలి.

"కుండ నీ దగ్గరెందుకుంది?" అన్నాడు హోలిస్.

"మా ఓవెన్ పెద్దది నాన్నా. వెచ్చగా ఉంటుందని అమ్మ పంపింది."

"ప్రభుత్వ ఓవెన్లో పెట్టారా మా బీన్స్?"

"భయపడకు. బీన్స్ ఏ పార్టీలోనూ చేరలేదు." డెలియా కుండ బల్ల మీద పెట్టి తండ్రి ఎదురుగా నిలబడింది. "సభలో తొమ్మిదో అంశం మీద మాట్లాడతావట. దాణా కొట్టు నుంచి చర్చి దాకా అందరికీ చెప్పావు, నాకు తప్ప."

"నీ మీద కోపం కాదమ్మా. సూత్రం."

"చలికాలంలో వాషింగ్టన్ మా డబ్బు ఆపేసింది. ఊరు పద్నాలుగు వేలిస్తే వచ్చే ఏడాది దాకా నడుస్తుంది. ఇవ్వకపోతే ఈ శుక్రవారమే ఆఖరు. నలభై ఆరు ఇళ్ళు. ఆ సూత్రాన్ని ఉడికించి ఎంతమందికి వడ్డించమంటావు?"

"అదిగో, వాషింగ్టన్ చేసిన ఒకే ఒక్క మంచిపని అది. దాన్ని ఊరు చెడగొడుతుందా? తినిపించడం అలవాటు చేస్తే ఎవరూ గరిటె పట్టరు."

డెలియా తల్లి వైపు చూసింది. ఆర్డిస్ కప్పు వైపు చూస్తూ తల అడ్డంగా, ఊపీ ఊపనట్టు ఊపింది.

హోలిస్ కోటు కోసం లోపలికి వెళ్ళగానే డెలియా గొంతు తగ్గించింది. "అమ్మా, ఈరోజు నువ్వైనా చెప్పు, నన్నైనా చెప్పనీ."

"నీ వంటింటి కోసం నా చేతుల్ని సాక్ష్యానికి లాగకు."

"నా వంటిల్లు పోతే ఇంకోటి వెతుక్కుంటాను. శనివారం నుంచి నువ్వేం చేస్తావు? ఆయనకి పన్నెండింటికి ఏం పెడతావు, దూడ కాలమా?"

చేతులు వణుకుతున్నందుకు ఆర్డిస్‌కి సిగ్గు లేదు. కానీ ఇరవై రెండేళ్ళుగా ప్రతి పొద్దున్నా, ఒకరి చేత తినిపించుకునేవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు హోలిస్ మొహంలో వచ్చే ఆ పెదవి విరుపు ఆమెకి తెలుసు. ఆ విరుపు ఒక్కసారి తన వైపు తిరిగితే, ఆ తర్వాత అదే బల్ల దగ్గర కూర్చోవడం ఎలాగో ఆమెకి తెలియదు.

హార్లో గ్యాప్ ఊరి సభ టౌన్ హాలు మేడ మీద జరుగుతుంది. వెర్మాంట్ రాష్ట్రంలో ఆ రోజు ఊళ్ళన్నిటికీ ఇదే పని. ఊరి ఖర్చులో ప్రతి అంశం ఊరివాళ్ళే చదివి, తిట్టుకుని, చేతులెత్తి తేలుస్తారు. కింద మెట్ల దగ్గర బురద బూట్ల వరస. పైన కట్టెల పొయ్యి, నూట ముప్పై మడత కుర్చీలు, వాటిలో కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు, అల్లికల సంచులతో. ఆర్డిస్ కూడా నలభై ఏళ్ళు ఈ హాల్లోనే స్వెట్టర్లు అల్లింది. ఈసారి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

సభాధ్యక్షురాలు రోవెనా టటిల్. మామూలు రోజుల్లో ఆవులకి వైద్యం చేస్తుంది. ఈ ఒక్కరోజు మనుషులకి. సభలో ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు, అంతా అధ్యక్షురాలికే చెప్పాలి. అన్నదమ్ములైనా, మొగుడూ పెళ్ళాలైనా అంతే. ఆ నియమాలకి పెద్ద కాపలాదారు హోలిస్సే. మూడేళ్ళ కిందట దాణా కొట్టు మెర్ల్ గాడెట్, రోడ్డు చదును చేసే యంత్రం కొనాలని తనే ప్రతిపాదించి, ధర విన్నాక, "వద్దులెండి, ఎక్కువే," అనబోయాడు. హోలిస్ నియమాల పుస్తకం పట్టుకుని లేచాడు. "ప్రతిపాదించినవారు తమ ప్రతిపాదనకి వ్యతిరేకంగా మాట్లాడరాదు, అధ్యక్షా. కావాలంటే వ్యతిరేకంగా ఓటు వేయవచ్చు." మెర్ల్ నోరు మూసుకున్నాడు. యంత్రం వచ్చింది. ఇప్పటికీ మెర్ల్ దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు అటు చూడడు.

దేశాన్ని మూడు నిమిషాల్లో తేల్చే ఆ మనుషులు ఎనిమిదో అంశం అయిన కంకర మీద గంటా పది నిమిషాలు కొట్టుకున్నారు. తొమ్మిదోది వచ్చేసరికి పదకొండున్నర. అందరి ముక్కులకీ కింద వంటల వాసన తగులుతోంది.

హోలిస్ లేచాడు. కాలమ్ రాసేటప్పుడు పెట్టుకునే కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"అధ్యక్షా, తొమ్మిదో అంశంలో పద్నాలుగు వేల డాలర్లను సున్నాగా మార్చాలని సవరణ ప్రతిపాదిస్తున్నాను."

"బలపరుస్తున్నాను," అన్నాడు పక్క కుర్చీలోంచి మెర్ల్. దాణా కొట్లో పొయ్యి చుట్టూ చేరే అయిదుగురిలో అతనొకడు. ఆ అయిదుగురిలో ముగ్గురికి పాలధర పడిపోయినప్పుడల్లా వాషింగ్టన్ నుంచి చెక్కు వస్తుంది. దాన్ని వాళ్ళు తిండి పెట్టడం అనరు. పథకం అంటారు.

"అధ్యక్షా, వాషింగ్టన్ ఈ దేశం నోట్లో చెంచా పెట్టింది. ఇప్పుడు పీక్కుంది. శుభం. ఆ ఎంగిలి చెంచా మనమెందుకు అందుకోవాలి? పనిచేసే చేతులున్నవాళ్ళు వండుకుంటారు. నేను దూరం వెళ్ళను, మా ఇల్లే చూడండి. నా భార్యకి డెబ్బై మూడు. రోజూ పన్నెండయ్యేసరికి నా ముందు వేడి భోజనం. ఎవరి సొమ్మూ లేదు, ఎవరి వ్యానూ లేదు. ఆ రెండు చేతులు చాలు. వాషింగ్టన్‌లో ఐదువందల మంది కలిసి చేయలేనిది ఆ రెండు చేతులు చేస్తున్నాయి."

చప్పట్లు కొట్టాల్సిన చోటే ఆగాడు. ఎవరూ కొట్టలేదు.

హాల్లో అల్లిక సూదులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రెండేళ్ళుగా పదకొండున్నరకి విట్‌కమ్ వెనక గుమ్మం దగ్గర ఆగే వ్యాన్ చిన్నదేం కాదు, దాని మీద క్యారెట్ బొమ్మ కూడా ఉంది. హార్లో గ్యాప్‌లో అది చూడనివాడు హోలిస్ ఒక్కడే. నూటపాతిక మంది నేలవైపు, కిటికీవైపు, పొయ్యివైపు చూశారు. డెలియా మెట్ల తలుపు దగ్గర గరిటెతో నిలబడి తల్లినొక్కదాన్నే చూసింది.

ఆర్డిస్ నలభై ఏళ్ళలో ఈ సభలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు కూడా మాట్లాడేది కాదేమో. వ్యాన్‌ని తిట్టినా ఊరుకునేది, నలభై ఆరు ఇళ్ళని తిట్టినా పళ్ళు కొరుక్కునేది. తన చేతులనే తెచ్చి ఆ ఇళ్ళ మొహాన కొట్టాడే, అది పడలేదు. చెయ్యి పైకెత్తింది.

"మిసెస్ విట్‌కమ్," అంది రోవెనా, కొంచెం ఆశ్చర్యంగా.

"అధ్యక్షా, ప్రతిపాదించినవారిని ఒక ప్రశ్న అడగవచ్చా?"

"నా ద్వారా అడగండి."

"నిన్న మధ్యాహ్నం ఆయనేం తిన్నారో అడగండి."

రోవెనా హోలిస్ వైపు తిరిగింది. "నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"ఇది అంశానికి సంబంధం లేని ప్రశ్న, అధ్యక్షా."

"అంశమే మధ్యాహ్న భోజనం. సంబంధం ఉంది. చెప్పండి."

"చికెన్ పై, పిండిపొరలో కాల్చింది."

"ఎలా ఉందో అడగండి, అధ్యక్షా."

"ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాడు హోలిస్. "ఎప్పటిలాగే."

"శుక్రవారం ఏం తిన్నారో అడగండి."

"మాంసం, బంగాళాదుంపలు. అధ్యక్షా, నా భార్య వంట బాగుంటుందని ఇందాకే చెప్పాను. ఆవిడ నాకు ఎదురు చెబుతోందో నన్ను బలపరుస్తోందో నాకు అర్థం కావడం లేదు."

"ఎవరు వండారో అడగండి."

"ఎవరు వండారో ఆవిడకే తెలుసు."

"నాకు తెలుసు అధ్యక్షా. సభకీ తెలుసు. ఈ గదిలో తెలియని మనిషి ఒక్కరే. ఆయన కాలమ్ రాస్తారు."

ఎవరో నవ్వబోయి దగ్గారు. ఆర్డిస్ తొడల కింద నుంచి రెండో చెయ్యి కూడా తీసి, రెండూ ముందుకు చాపింది. అవి గాలిలో ఉండలేకపోతున్నాయి.

"ఇది కోపం కాదు, భయమూ కాదు. రెండేళ్ళుగా ఇంతే. కుండ దించలేను, కత్తి పట్టలేను. కప్పు నిండా కాఫీ పోస్తే సగం ఒళ్ళో పడుతుంది. ఇందాక పొగిడిన రెండు చేతులూ ఇవే. నిన్నటి చికెన్ వ్యాన్‌లో వచ్చింది. శుక్రవారం మాంసమూ వ్యాన్‌లోనే వచ్చింది. ఈ దేశంలో ఎవరు ఎవరి సొమ్ము తింటున్నారో ఇరవై రెండేళ్ళు వెతికిన మనిషి, తన పళ్ళెంలోకి ఒకసారి వంగి చూడలేదు. చూడకుండానే బాగుందన్నారు. అందుకు డెలియా వంటింటి తరఫున కృతజ్ఞతలు."

హోలిస్ కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను కాస్త ఆర్థికశాస్త్రం చదివాను అధ్యక్షా. ఊరికే వచ్చే భోజనం ఉండదని మొదటి పాఠం. నిజమే. ప్రతి భోజనానికీ నేను కవరులో వేశాను. అది ఖర్చులో సగం. మిగతా సగం వాషింగ్టన్ వేసింది. అంటే ఆయన సగం నా చేతివీ, సగం తాను తిట్టినవాళ్ళ చేతివీ తిన్నారు. నా చేతివి మాత్రం వంటకాలు కావు, డాలర్లు. అంతే చెప్పదలచుకున్నాను."

ఆమె కూర్చుంది. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. ఆ చప్పుడు మెట్ల కిందికి కూడా వినబడి ఉంటుంది.

హోలిస్ నిలబడే ఉన్నాడు. భార్య చేతుల్ని చూస్తున్నాడు. అవి మళ్ళీ తొడల కిందికి వెళ్ళిపోయాయి, అయినా అవి ఉన్న చోటే చూస్తున్నాడు.

"అధ్యక్షా," అన్నాడు చివరికి. గొంతు కాలమ్ గొంతు కాదు. "నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను."

"సభ ముందు పెట్టాక అది సభది, హోలిస్. మీకు తెలియంది కాదు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే తీసుకోవచ్చు." రోవెనా హాలంతా చూసింది. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

"ఉంది," అంది ఆర్డిస్.

హోలిస్ తల గిర్రున తిరిగింది. నియమం కూడా మరిచిపోయి నేరుగా భార్యతో అన్నాడు: "ఇంకేం కావాలి నీకు?"

"అధ్యక్షురాలి ద్వారా," అంది రోవెనా.

"అధ్యక్షా, ఆవిడకి ఇంకేం కావాలో అడగండి."

"లెక్కపెట్టాలి," అంది ఆర్డిస్. "తెచ్చినవారు జేబులో పెట్టుకుని వెళ్ళిపోతే, వచ్చే ఏడాది మళ్ళీ తెస్తారు. ఎవరు ఎటో నిలబడి చూపించాలి. అందరూ."

"అయితే అధ్యక్షా, నేను రెండు మాటలు చెబుతాను. ఈ సవరణ ఎందుకు ఓడిపోవాలంటే…"

మెర్ల్ గాడెట్ లేచాడు. మూడేళ్ళుగా ఆ క్షణం కోసమే బతికి ఉన్నట్టు లేచాడు. "అధ్యక్షా, ప్రతిపాదించినవారు తమ ప్రతిపాదనకి వ్యతిరేకంగా మాట్లాడరాదు. పుస్తకంలో ఉంది. చూపించిన పెద్దమనిషి ఇక్కడే ఉన్నారు."

ఈసారి నవ్వు ఆపుకున్నవాళ్ళు లేరు. రోవెనా సుత్తితో రెండుసార్లు కొట్టింది. "మెర్ల్ చెప్పింది సరైనదే. కూర్చోండి హోలిస్. మీరు మాట్లాడకూడదు. ఓటు వేయవచ్చు."

ఇరవై రెండేళ్ళలో హోలిస్ విట్‌కమ్ నోరు మూయించడం ఒక్క దేశాధ్యక్షుడికీ, ఒక్క సెనేటర్‌కీ చేతకాలేదు. ఆవుల డాక్టరు మూయించింది.

"సున్నాగా మార్చాలన్నవారు లేవండి."

మెర్ల్ లేచాడు. ముందు వరసలో దాణా కొట్టు బృందం లేచింది. వెనకాల వాళ్ళూ చాలామందే లేచారు. ఆర్డిస్ చెప్పినదానికి మనసు మారనివాళ్ళు తక్కువేం కాదు, వాళ్ళ దయంతా అప్పటికే కంకర మీద ఖర్చయి అడుగంటింది. మెర్ల్ పక్కకి చూసి గొణిగాడు.

"లేవవేం?"

"తుంటి పట్టేసింది," అన్నాడు హోలిస్ నేల చూపులతో.

లెక్కపెట్టారు. యాభై ఎనిమిది.

"వద్దన్నవారు లేవండి."

ఆర్డిస్ లేచింది. ఆమె చుట్టూ కుర్చీలు కదిలాయి. లెక్కపెట్టేవాడు వేలు ఆడిస్తూ ముందు వరస దాకా వచ్చి ఆగాడు. హోలిస్ పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుని లేస్తున్నాడు. కొత్త తుంటి నిజంగానే కొంచెం ఆలస్యం చేసింది. అతను నిటారుగా నిలబడేదాకా లెక్కపెట్టేవాడు ఆ వేలు గాల్లోనే ఉంచాడు.

"వదిలిందా పట్టు," అన్నాడు మెర్ల్.

హోలిస్ జవాబు చెప్పలేదు. మాట్లాడకూడదు కదా.

డెబ్బై ఒకటి. సవరణ ఓడిపోయింది. ఆ వెంటనే తొమ్మిదో అంశం ఆకలి మీదున్న జనం 'ఔను' అన్న ఒక్క కేకతో గెలిచింది.

కింద భోజనాల దగ్గర బీన్స్ కుండ ముందు డెలియా నిలబడింది. వరసలో తండ్రి వంతు వచ్చింది. పళ్ళెం చాపాడు.

"ఎవరు వండారో తెలుసా నాన్నా?"

"తెలుసు," అన్నాడు. కుండ అంచు విరిగిన చోట వేలితో తడిమాడు. "ఇది ఎప్పుడు విరిగింది?"

"అది అమ్మనే అడుగు. అధ్యక్షురాలు లేకుండా." డెలియా ఒక గరిటె వేసింది. ఆగి, ఇంకో గరిటె వేసింది.

సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ ఇల్లు చేరారు. హోలిస్ రేడియో పెట్టలేదు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఉప్పు సీసాను అటూ ఇటూ జరిపాడు.

"కుండ ఎప్పుడు విరిగింది?"

"రెండేళ్ళ కిందట, నవంబరులో."

"జారిందన్నావు."

"జారింది. పాదం మీద పడింది."

"నేనెక్కడున్నాను అప్పుడు?"

"ఫెడరల్ రిజర్వ్‌లో," అంది ఆర్డిస్. "వడ్డీరేట్ల మీద రాస్తున్నావు. చప్పుడు తగ్గించమన్నావు."

హోలిస్ ఉప్పు సీసా జరపడం ఆపేశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. తుడవాల్సింది అవి కాదు.

"నాకెందుకు చెప్పలేదు ఆర్డిస్?"

"ఇరవై రెండేళ్ళు నీ ఎదురుగానే కూర్చున్నాను. తినిపించుకునేవాళ్ళని నువ్వేమంటావో కంఠతా వచ్చు. ఆ మాటలు టైపు చేసింది కూడా నేనే. అందులో నా పేరు ఎక్కడ సరిపోతుందో చూసుకున్నాను."

అతను బల్ల మీదుగా చెయ్యి చాపాడు. ఆమె తన చెయ్యి వెంటనే ఇవ్వలేదు. కొంచెం ఆగి ఇచ్చింది. వణికే చేతిని అతను గట్టిగా పట్టి ఆపబోయాడు.

"ఆపకు," అంది. "ఆపితే ఇంకా ఎక్కువవుతుంది. ఊరికే పట్టుకో."

ఊరికే పట్టుకున్నాడు. అతని చెయ్యి కూడా దాంతోపాటే వణికింది. ఆర్డిస్‌కి సభలో రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. వాటిని తుడుచుకోవడానికి ఖాళీగా ఉన్నది ఒక్క చెయ్యే, అదీ మాట వినేది కాదు. తడి చెంపలతోనే ఉండిపోయింది.

"ఆ సుంకం వాక్యం," అన్నాడు హోలిస్ కాసేపటికి. "గల్లాపెట్టె దగ్గర మీ టోపీ పెట్టుకుని… అది నాది కాదు కదా."

"కాదు."

"అనుమానంగానే ఉండేది."

"అనుమానమున్నవాడివి ఆ తొమ్మిది ఉత్తరాలకీ నువ్వే జవాబు రాశావు."

హోలిస్ లేచి గదిలోంచి కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రేపు మధ్యాహ్నానికి కాలమ్ పంపాలి. నువ్వు చెప్పు, నేను కొడతాను."

"నీ రెండు వేళ్ళతో కొడితే వేసవి వస్తుంది."

"రానీ. కింద ఇద్దరి పేర్లూ వేయమంటాను."

"ముందెవరిది?"

"నీదే," అన్నాడు హోలిస్. "చెప్పు. ఎక్కడ మొదలుపెడదాం? వాషింగ్టన్ నుంచా?"

"వాషింగ్టన్ ఎక్కడికీ పారిపోదు. దాన్ని తిట్టడానికి చాలా ఉంది, నేను దగ్గరుండి తిట్టిస్తాను. ముందు ఇది రాయి: 'గత రెండేళ్ళుగా ఈ కాలమ్ చదివేలా లేదు.'"

హోలిస్ ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. "కారణం రాయనా?"

"'కారణం ఎడిటర్ కాదు' అని రాయి."

అదీ కొట్టాడు. తర్వాత లేచి కాఫీ పెట్టాడు. తనకి కప్పు నిండా పోసుకున్నాడు. ఆమె కప్పు దగ్గర కెటిల్ ఆపి, కొంచెం ఆలోచించి, సరిగ్గా సగం దాకా పోసి ఆమె ముందు పెట్టాడు. ఈసారి ద్రవ్యోల్బణం ఊసెత్తలేదు.

ఆర్డిస్ కప్పులోకి చూసింది. "మిగతా సగం?"

"అది తాగు. అయ్యాక పోస్తాను," అన్నాడు హోలిస్, కెటిల్ చేతిలోంచి దించకుండానే. "ఎన్నిసార్లయినా పోస్తాను."